అడిగితేనే చెప్పండి

అల్వాల్,
3 డిసెంబర్ 2025

జగదాంబ అత్తయ్య గారికి,

నమస్కారం. ఎప్పుడూ ఫోన్ చేసే మేనకోడలు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపిందేమిటా అని మీరు కళ్ళజోడు వెతుక్కుంటూ ఉంటారు. నోటితో మాట్లాడితే మీరు నన్ను గెలవనివ్వరు, అందుకని. పైగా ఇది మీకు చేరినట్టు నా దగ్గర రుజువు ఉండాలి.

మొన్న శనివారం ఆఫీసు ట్రైనింగ్‌లో ఒకావిడ నా పక్కన కూర్చుంది. పేరు ఇంద్రజ. రెండేళ్ళ కిందట నన్ను చూసుకోవడానికి వచ్చిన పాలకొల్లు ఇంజనీరు గారి అక్క. వాళ్ళు మా ఇంట్లో కాజాలు తిని, బాల్కనీలో గాలి బాగా వస్తోందని మెచ్చుకుని వెళ్ళిపోయి మళ్ళీ పలకలేదు, గుర్తుందా? ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు ఒంట్లో ఎలా ఉందమ్మా? ఫిట్స్ తగ్గాయా?" అంది. నేను వెర్రిమొహం వేస్తే జాలిపడి తన ఫోన్ తీసి చూపించింది. నా ఫోటో, పుట్టిన తేదీ, గోత్రం, ఉద్యోగం అన్నీ ఉన్నాయి. అన్నిటికంటే కింద ఇలా ఉంది: "ఆరోగ్యం: మూర్ఛ. అడిగితేనే చెప్పండి." పంపింది మన ఉదయ్‌కిరణ్ బావ నంబరు నుంచి.

నాకు మూర్ఛ లేదు. ఎప్పుడూ లేదు. మీ వివాహ వేదిక తెచ్చిన సంబంధాలన్నీ ఎందుకు కాజాలు తిని మాయమయ్యాయో నాకిప్పుడు తెలిసింది.

కంపెనీల దగ్గరున్న జనం వివరాలు ఎవరికి పడితే వాళ్ళకి పోకుండా చూడటమే నా ఉద్యోగం. దానికోసం వచ్చిన డేటా రక్షణ చట్టం నాకు కంఠతా వచ్చు. దాని నియమాలు పోయిన నెలలోనే వెలువడ్డాయి. పెళ్ళి సంబంధాలు చూసే ఆఫీసు కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. కాబట్టి అడుగుతున్నాను. నా గురించి మీ దగ్గర ఏమేం ఉన్నాయి? ఎవరెవరికి పంపారు? ఈ మూర్ఛ మాట మీకు ఎవరు చెప్పారు? ఇవన్నీ చెప్పి, ఆ తర్వాత మొత్తం తుడిచేయండి.

ఎవరూ చెప్పలేదని నాకు తెలుసు. ఆరేళ్ళ కిందట బావని చేసుకోనన్నప్పుడు, "చూద్దాం, ఎంత గొప్ప సంబంధం వస్తుందో" అన్నారు మీరు. అన్న మాట నిలబెట్టుకున్నారు. నేనూ ఒక మాట అంటున్నాను. రాంగోపాల్‌పేటలో మన సంఘం హాలు గోడమీద ఉన్న మీ బోర్డు కిందికి దిగేదాకా నిద్రపోను.

మీ తమ్ముడి కూతురు,
రాధిక

*

రాంగోపాల్‌పేట,
9 డిసెంబర్ 2025

చిరంజీవి రాధికకు,

ఆశీర్వాదాలు నీ కోపం దిగాక పంపుతాను. ఇప్పటికి ఉత్తరం ఒక్కటే.

నీ కవరు వచ్చేసరికి సంబంధం కోసం వచ్చిన తణుకు వాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను సంతకం పెట్టడం చూసి, "కోర్టు కాగితమా అండీ?" అని అడిగారు. మా మేనకోడలు పంపిన శుభలేఖ అని చెప్పాను. అబద్ధమే, ఏం చేయను.

ఉదయ్ భయపడిపోయి నన్ను బోయిగూడలో లాయరు సదాశివ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నీ ఉత్తరం రెండుసార్లు చదివి, అమ్మాయి బాగా రాసిందన్నారు. నువ్వు చెప్పిన చట్టంలో అసలు పళ్ళన్నీ 2027 మే నెలకు గానీ రావట. అది కూడా ఫోన్లోనూ కంప్యూటర్‌లోనూ ఉన్నవాటికేనట, కాగితం జోలికి రాదట. అందుకే ఇకమీదట నీకు ఫోన్‌లో ఒక్క ముక్క కూడా పంపను. సరుకుల పుస్తకంలో కాగితం చింపి రాస్తున్నాను. వెనకవైపు ఇంగువ, ఎండుమిర్చి కనిపిస్తే పట్టించుకోకు.

"అడిగితేనే చెప్పండి" అన్న ఆ ఆఖరి ముక్క అవతలివాళ్ళకి వెళ్ళాల్సింది కాదు. అది మాలో మేము గుర్తుకోసం పెట్టుకునేది. మీ బావ దాన్ని తీయకుండా ఉన్నదున్నట్టు పంపేశాడు. వాడికి కంప్యూటర్ అప్పగించింది నేనే, కాబట్టి తిట్లు నాకే. అంతవరకు ఒప్పుకుంటాను.

కానీ చెప్పినందుకు మాత్రం సిగ్గుపడను. పిల్లవైపు సంగతులు అబ్బాయివైపు పెద్దల చెవిన వెయ్యాలి, అబ్బాయివైపువి పిల్లవైపు వెయ్యాలి. మా పని పద్ధతే అది. ఒకసారి ఒక కుర్రాడి తాగుడు దాచి పెళ్ళి చేయించాను. ఆ పిల్ల తండ్రి వచ్చి మా మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చుని లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి దాచడం మానేశాను. నువ్వు రోజూ పరగడుపున మాత్ర వేసుకోవడం నా కళ్ళతో చూశాను. నీ మొహాన అడిగితే చిన్నబుచ్చుకుంటావని అడగలేదు. ఉన్న జబ్బు ఉందని చెప్పడం తప్పెలా అవుతుంది?

ఇక ఉదయ్ సంగతి. నువ్వు వాణ్ణి చేసుకోనన్న కోపం ఆ రోజు సాయంత్రానికే పోయింది. వాడి పెళ్ళాం శ్రీమంతానికి పాయసం వడ్డించింది నువ్వే కదా.

ఉంటాను,
మీ అత్త జగదాంబ

*

అల్వాల్,
15 డిసెంబర్ 2025

డాక్టర్ జగదాంబ గారికి,

అది థైరాయిడ్ మాత్ర. మా ఆఫీసులో ఆడవాళ్ళు సగంమంది వేసుకుంటారు. మాత్ర రంగు చూసి రోగం తేల్చే వైద్యం మీరు ఎక్కడ చదివారో తెలియదు గానీ, దానికి నా ఆరేళ్ళు ఖర్చయ్యాయి.

కాగితం మీద రాస్తే ఏ చట్టమూ అంటుకోదన్న మీ ఆనందం చూసి నవ్వొచ్చింది. ఇంగువ, ఎండుమిర్చితో సహా మీ ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది. "చెప్పినందుకు సిగ్గుపడను" అని మీ చేత్తో మీరే రాశారు. ఇంతకంటే ఏం కావాలి?

డేటా చట్టానికి 2027 దాకా ఆగాలన్న మాట నిజమే. మరొకదానికి ఆగక్కర్లేదు. కొత్త న్యాయ సంహితలో పరువు నష్టానికి జైలు, జరిమానాతో పాటు సమాజసేవ అని ఇంకో శిక్ష కూడా పెట్టారు. మీకు జైలు వద్దు అత్తయ్యా. జైలుకెళ్తే అయ్యో పాపం అంటారు. మన సంఘం ఫంక్షన్ హాలు ముందు మీరు చీపురు పట్టుకుని ఊడవాలి. మీరు కుదిర్చిన జంటలు పిల్లల్ని ఎత్తుకుని మెట్లెక్కుతూ మిమ్మల్ని చూడాలి. నేను కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంటాను. ఆ చోటు న్యాయమూర్తి గారు నన్ను అడిగి నిర్ణయించరని తెలుసు, అయినా రోజూ రాత్రి అదే ఊహించుకుని పడుకుంటున్నాను.

నాన్నగారికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఒక్కో సంబంధం పోయినప్పుడల్లా ఆయన బస్సెక్కి సికింద్రాబాద్ దాకా వెళ్ళి, నాకిష్టమని ఉస్మానియా బిస్కట్లు తెచ్చేవారు. "పోనీలేమ్మా, వాళ్ళకి రాసిపెట్టి లేదు" అనేవారు. అలాంటి మనిషికి, సొంత అక్కే ఇలా చేసిందని ఏ నోటితో చెప్పను?

నా మూడో ప్రశ్నకి మీరు జవాబు రాయలేదు. ఎవరు చెప్పారు? పేరు లేకపోతే అది మీరు పుట్టించిన మాటే.

రాధిక

*

రాంగోపాల్‌పేట,
27 డిసెంబర్ 2025

చిరంజీవి రాధికకు,

థైరాయిడ్ అని రాశావు. నేను పొరబడ్డాను. మాత్ర సంగతిలో నాదే తప్పు.

నీ ఉత్తరం చదివాక మీ నాన్నకి ఫోన్ చేసి రమ్మన్నాను. నిన్న వచ్చాడు. సంబంధాల వాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. తాగలేదు. చాలాసేపు ఏడ్చాడు. "అక్కా, ఇది ఇక్కడితో ఆగిపోయేలా చూడు" అన్నాడు. చిన్నప్పుడు భీమవరంలో గేదె తొక్కినప్పుడు కూడా వాడు అలా ఏడవలేదు.

అందుకని అడుగుతున్నాను, ఇక ఆపు. ఆ వివరాలన్నీ ఉదయ్ చేత తుడిపించాను. పంపినవాళ్ళందరికీ నేనే ఫోన్ చేసి, ఆ మాట తప్పు, మా అమ్మాయి నిక్షేపంలా ఉందని చెప్పాను. ఇంద్రజ వాళ్ళమ్మ, "ముందే చెప్పి ఉంటే మావాడు వేరే పెళ్ళి చేసుకునేవాడు కాదు కదండీ" అంది. నీకు మంచి సంబంధం నేనే వెతుకుతాను. కైకలూరు వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన కొడుకు ఉన్నాడు, బెంగళూరులో ఉద్యోగం, మీసం ఒక్కటి తీయిస్తే బాగుంటాడు.

ఎవరు చెప్పారని మాత్రం అడక్కు. మాట ఇచ్చాను. అది తెలుసుకుంటే నీకు సుఖం లేదు.

అత్తయ్య

*

అల్వాల్,
12 జనవరి 2026

జగదాంబ గారికి,

నాన్నగారు మీ ఇంటినుంచి వచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. బీపీ పెరిగింది. ఏమైందని అడిగితే గోడవైపు తిరిగి పడుకున్నారు. మా నాన్నని పిలిపించి, కూర్చోబెట్టి ఏడిపించి, ఆ ఏడుపు నాకు ఉత్తరంలో రాసి పంపుతారా? ఆయన కన్నీళ్ళు అడ్డం పెట్టుకుని తప్పించుకుందామని చూస్తున్నారు. గేదె సంగతి కూడా కలిపారు.

ఒక చేత్తో తుడిపించాను అంటారు, ఇంకో చేత్తో మీసాల పెళ్ళికొడుకుని చూపిస్తారు. నేనేమన్నా చంటిపిల్లనా?

ఆదివారం సంఘం సమావేశంలో మాట్లాడతానని పేరిచ్చాను. కొత్త చట్టాల గురించి చెబుతుంది కాబోలని మైకు ఇచ్చారు. "మీ అమ్మాయి ఫోటో ఈ ఊళ్ళో ఎన్ని ఫోన్లలో ఉందో మీలో ఎవరికైనా తెలుసా?" అని అడిగాను. తర్వాత ఇంద్రజ ఫోన్‌లో చూసిన నా వివరాల్లోని ఆఖరి లైను చదివి వినిపించాను. అది ఎవరి వేదిక నుంచి వెళ్ళిందో కూడా చెప్పాను. కిందికి దిగాక తల్లులు వచ్చి నన్ను చుట్టుకున్నారు. వివరాలు తీసేయమని ఎలా రాయాలో అడిగారు. అక్కడే నిలబడి అందరికీ రాసిచ్చాను. చేతులు నొప్పి పుట్టాయి, హాయిగా అనిపించింది.

మీమీద పరువు నష్టానికి నేరుగా కోర్టులో ప్రైవేటు కంప్లయింటు కూడా వేశాను. కేసు తీసుకునేముందే అవతలివాళ్ళ మాట వినాలని ఇప్పుడు కొత్త పద్ధతి. మీకు నోటీసు వస్తుంది. తణుకు వాళ్ళు ఉన్నప్పుడు వస్తే ఈసారి శుభలేఖ అని చెప్పకండి.

రాధిక

*

రాంగోపాల్‌పేట,
30 జనవరి 2026

రాధికకు,

నోటీసు వచ్చింది. తణుకు వాళ్ళు లేరు. ఎవరూ లేరు. సంఘం సమావేశం తర్వాత మా మెట్లెక్కినవాళ్ళు లేరు. కుక్కర్ కూత వినిపించకుండా మోగే నా ఫోను ఇప్పుడు బల్లమీద పడుకుని ఉంది. నిన్న సంఘం అధ్యక్షుడు నరసరాజు గారు మనిషిని పంపి, హాలు గోడమీద ఉన్న మా బోర్డు దింపించారు. ఆయన ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళూ నేనే కుదిర్చాను. అలాంటి మనిషి నా ఎదుటికైనా రాలేదు.

నువ్వు అడిగిందే జరిగింది. నీకు తృప్తిగా ఉంటే ఇక్కడితో ఆపు. లేకపోతే ఇది చదువు.

సదాశివ గారు నన్ను ఒకటే అడుగుతున్నారు. ఎదుటివాళ్ళ మంచికోసం, నమ్మి చెప్పిన మాట అయితే అది నేరం కాకుండా పోవచ్చునట. కానీ ఎవరిమాట నమ్మి చెప్పానో కోర్టులో చెప్పాలి. "పేరు చెబితే మీరు బయటపడతారు, చెప్పకపోతే మీరే పుట్టించినట్టు అవుతుంది" అన్నారు. వచ్చే నెల పద్దెనిమిదో తారీకున కోర్టు పిలుపు. ఇన్నేళ్ళూ ఒకరి గుట్టు ఒకరికి చెప్పకుండా బతికాను. ఈ వయసులో బోనెక్కి చెప్పమంటావా? అందరూ వింటుండగా నేను ఆ పేరు చెబితే, నువ్వు ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేవు.

కేసు వెనక్కి తీసుకో. నాకోసం కాదు. ఇంతకంటే విడమరిచి చెప్పను.

నామీద నువ్వు వేసిన నిందకి కోపం రాలేదు గానీ, ఆ బోర్డు దింపేటప్పుడు మాత్రం వచ్చింది. అది మీ మావయ్య బతికుండగా తన చేత్తో రంగు వేసింది.

జగదాంబ

*

అల్వాల్,
4 ఫిబ్రవరి 2026

జగదాంబ గారికి,

బెదిరింపు చాలా బాగుంది. అన్నం తినలేనట.

మావయ్య గారి బోర్డుకి బాధపడ్డాను. ఆయన మంచివారు. ఆయన ఉంటే ఇది జరిగేది కాదు.

నేను ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. మీరు చెప్పబోయే పేరు ఏదైనా సరే, ఆ మనిషిని కూడా అదే బోనులో మీ పక్కన నిలబెడతాను. పద్దెనిమిది దాకా ఎందుకు, దమ్ముంటే ఇప్పుడే రాయండి. నా మొదటి ఉత్తరం తీసి ఎదురుగా పెట్టుకుని, నేను అడిగిన ప్రతిదానికీ పూర్తిగా జవాబు రాయండి. అది నా హక్కు.

రాధిక

*

రాంగోపాల్‌పేట,
10 ఫిబ్రవరి 2026

చిరంజీవి రాధికకు,

నీ మొదటి ఉత్తరం ఎదురుగా పెట్టుకున్నాను. హక్కు అన్నావు కాబట్టి పూర్తిగా రాస్తున్నాను. ఇది మీ నాన్న ఎదురుగా కూర్చుని ఉండగా చదువు. నాకు అదొక్కటే కావాలి.

నీ గురించి నా దగ్గర ఉన్నవి నీ ఫోటో, జాతకం, చదువు, ఉద్యోగం, ఒక జబ్బు. పంపింది సంబంధానికి వచ్చిన ప్రతి ఇంటికీ. ఇక నీ మూడో ప్రశ్న.

ఆరేళ్ళ కిందట, మీ అమ్మ సంవత్సరీకం అయిన వారానికి మీ నాన్న, నా తమ్ముడు సుబ్బరాజు, ఒక్కడూ నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, పిల్లకి చిన్నప్పటి మూర్ఛ పోలేదు, ఇప్పటికీ రోజూ మందు వేసుకుంటోంది. దాచి పెళ్ళి చేస్తే ఆ పాపం మనకి చుట్టుకుంటుంది. అబ్బాయివాళ్ళ చెవిన వెయ్యి. దానికి మాత్రం తెలియనివ్వకు, సిగ్గుతో చచ్చిపోతుంది" అన్నాడు. నీ నాలుగో ఏట జ్వరం నెత్తికెక్కి ఒకసారి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు నిన్ను ఒళ్ళో పట్టుకున్నది నేనే. అందుకే నమ్మాను. పరగడుపు మాత్ర చూసి ఇంకా నమ్మాను. కన్నతండ్రి ఆ మాట అబద్ధమాడతాడని ఎలా అనుకుంటాను?

డిసెంబరులో వాణ్ణి పిలిచి నిలదీశాను. అప్పుడు ఏడ్చాడని రాశానే, అది నీకోసం ఏడ్చిన ఏడుపు కాదు. "అది వెళ్ళిపోతే ఆ ఇంట్లో నేనొక్కణ్ణీ ఏం చేయను అక్కా" అన్నాడు. సంబంధం వచ్చిన ప్రతిసారీ, అవతలివాళ్ళకి ఆ మాట చేరిందో లేదో నాకు ఫోన్ చేసి కనుక్కునేవాడు. చేరిందని నేను చెప్పాకే నీకు బిస్కట్లు కొనేవాడన్నమాట.

వాడు నా తోడబుట్టినవాడు. అయినా మాట ఇచ్చానని, నువ్వు నన్ను వీధిలో నిలబెట్టినా నోరు విప్పలేదు. మా బోర్డు దింపిన రోజు వాడికి ఫోన్ చేశాను, నువ్వే వెళ్ళి దానికి చెప్పరా అని. "నాకు ఒంట్లో బాలేదక్కా" అని పెట్టేశాడు. ఇక నాకు తమ్ముడు లేడు. నా నోటిని వాడుకుని నీ బతుకు ఆపాడు, నా నీడన దాక్కుని నా బతుకూ తీశాడు. కోర్టులోనూ ఇదే చెబుతాను, గట్టిగా చెబుతాను.

నిన్ను కూడా క్షమించలేదు. ఆశీర్వాదాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

జగదాంబ

*

బోయిగూడ,
1 మార్చి 2026

అత్తయ్యా,

పైన చిరునామా చూశారు కదా. ఆఫీసులో దేవిక అనే అమ్మాయితో కలిసి ఒక చిన్న ఫ్లాటు తీసుకున్నాను. మీ ఇంటికి నడిచి వచ్చేంత దూరం. అయినా రాలేను, అందుకే ఇది కూడా పోస్టులోనే.

మీరు చెప్పినట్టే చదివాను. ఆయన భోజనానికి కూర్చున్నాక, ఎదురుగా నిలబడి, గట్టిగా. "అబద్ధం" అంటారేమో అని మధ్యమధ్య ఆగాను. అనలేదు. చదవడం అయ్యాక, "నువ్వు వెళ్ళిపోతే పొద్దున్నే పేపరు ఎవరికి చదివి వినిపించను?" అన్నారు. నా ఆరేళ్ళకి ఆయన చెప్పిన కారణం అదీ. ఆయనమీద జాలి వస్తుందేమోనని చాలాసేపు చూశాను. రాలేదు. మీరు రాసినట్టే ఆ పూట నేను అన్నం తినలేదు. ఆయన తిన్నారు.

కోర్టులో మీమీద వేసింది వెనక్కి తీసుకున్నాను. ఎవరిమీద వేయాలో వాళ్ళమీద వేస్తానని ఆయనకి చెప్పాను. బోను, సాక్ష్యం, సంఘం వాళ్ళు వెనక బెంచీల్లో కూర్చోవడం, అన్నీ వివరంగా చెప్పాను. లేదా ఇంకో దారి ఉంది, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నాను. పెట్టారు. సంతకం స్పష్టంగానే ఉంది.

నిన్న నరసరాజు గారి ఇంటికి వెళ్ళి మీ ఉత్తరం ఆయనకీ చదివాను. మావయ్య గారి బోర్డు రేపు మళ్ళీ పైకెక్కుతుంది. మళ్ళీ సమావేశం పెట్టించి, మైకులో నేను అన్నవి నేనే సరిచేస్తాను. నా వివరాలు మాత్రం మీ దగ్గర ఇక ఉండకూడదు. మీసాల ఆయనకి కూడా వద్దని చెప్పండి.

ఆ సంతకం పెట్టిన కాగితం ఇందులో జత చేశాను. చట్టం అడిగినట్టే రాయించాను, ఏయే వివరాలు, ఎందుకోసం, ఎవరికి చూపించవచ్చు, అన్నీ. ఇది మీ వేదికకి నేను తెస్తున్న మొదటి సంబంధం. ఉదయ్ బావని ఉన్నదున్నట్టు పంపమనండి, ఈసారి ఏ లైనూ తీయనక్కర్లేదు.

పేరు: సుబ్బరాజు. వయసు అరవై ఏడు. భార్య లేరు. అల్వాల్‌లో సొంత ఫ్లాటు, బాల్కనీలో గాలి బాగా వస్తుంది. తోడు కావాలి. పొద్దున్నే పేపరు గట్టిగా చదువుతారు, వినడానికి ఒక మనిషి ఉండాలి. వచ్చే ఆవిడకి కూతుళ్ళు ఉండకపోతే మంచిది.

ఆరోగ్యం: బాగానే ఉంది. కన్నకూతురికి రోగం అంటగట్టారు. అడగకపోయినా చెప్పండి.

రాధిక